డీజిల్‌లో తేడా కంపెనీదా, బంకుదా?

ప్రశ్న: నాకు ఒక లారీ ఉంది. మేళ్లచెరువు నుంచి హైదరాబాదుకు సిమెంటు తోలుతాం. ఒక కంపెనీ బంకులో పోయిస్తే లీటరుకు నాలుగు కిలోమీటర్లు దాటుతోందని, మరో కంపెనీ బంకులో పోయిస్తే మూడున్నర కూడా రావడం లేదని మా డ్రైవరు గట్టిగా చెబుతున్నాడు. నిజంగా ఏ కంపెనీ డీజిల్ మేలైనది? – ఒక లారీ యజమాని, సూర్యాపేట జిల్లా

జవాబు: మీ డ్రైవరు మాటను నేను కొట్టిపారేయను, కానీ తేడాకు కారణం బోర్డు మీది కంపెనీ పేరని అనుకోవడం సరికాదు. దేశంలో ఏ బంకులో అమ్మే డీజిల్ అయినా భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ఐఎస్ 1460 ప్రమాణానికి లోబడి ఉండాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బీఎస్-6 కాలుష్య నియంత్రణ ప్రమాణం ప్రకారం గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములకు మించకూడదు, డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో తెలిపే సీటేన్ సంఖ్య 51కి తగ్గకూడదు. పైగా కంపెనీలు రవాణా ఖర్చు తగ్గించుకోవడానికి పరస్పరం సరుకు ఇచ్చిపుచ్చుకుంటాయి; విశాఖపట్నం శుద్ధి కర్మాగారంలో తయారై పైపులైను గుండా విజయవాడ మీదుగా సికింద్రాబాదు వైపు వచ్చిన డీజిల్, ఆ కర్మాగారం యాజమాన్యానిది కాని బంకులోకీ చేరవచ్చు.

అయినా తేడా ఎక్కడ వస్తుంది? మొదటిది సాంద్రతలో. ప్రమాణానికి లోబడిన రెండు లోడ్లలోనే సాంద్రత ఘనపు మీటరుకు ఒకదానిలో 822 కిలోలు, మరొకదానిలో 840 కిలోలు ఉండవచ్చు. బరువైన డీజిల్‌లో లీటరుకు శక్తి కాస్త ఎక్కువ కనుక ఇక్కడే సుమారు రెండు శాతం వరకు తేడా రావచ్చు. అది ఆ లోడుకు సంబంధించినదే తప్ప కంపెనీకి శాశ్వతంగా అంటుకున్న గుణం కాదు; వచ్చే ట్యాంకరుతో తారుమారు కావచ్చు.

రెండవది, కొలిచే పద్ధతిలోనే ఉంది. మీ లారీ ఒక ట్రిప్పుకు 50 లీటర్లు తాగుతుందనుకోండి. డీజిల్ పోసేటప్పుడు నురగ లేస్తుంది. ఒకసారి నురగకే నోజిల్ ఆగిపోయి, మరోసారి నురగ దిగేదాకా ఆగి నింపితే ఒకటి రెండు లీటర్ల తేడా తేలిగ్గా వస్తుంది. అంటే మైలేజిలో రెండు నుంచి నాలుగు శాతం తేడా డీజిల్‌తో సంబంధం లేకుండానే కనిపిస్తుంది. ఒకే డ్రైవరు, ఒకే బరువు, ఒకే దారి, టైర్లలో ఒకే గాలి పెట్టి, ఒక్కో బంకు డీజిల్‌తో కనీసం ఐదేసి ట్రిప్పులు తిప్పి, ప్రతిసారీ అంచు వరకు నింపి లెక్క రాయించండి. అప్పటికీ మీరు చెప్పినంత తేడా, అంటే పది శాతం పైగా నిలిస్తే, ఆ బంకును అనుమానించవలసిందే.

అనుమానం వచ్చాక అడగడానికి మొహమాటపడకండి. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి. అందులో పోయించి చూస్తే 25 మిల్లీలీటర్లకు మించి తరుగు ఉండకూడదు. సాంద్రత పరీక్ష కూడా మీ ఎదుటే చేయమని అడిగే హక్కు మీకుంది. గాజు జాడీలో డీజిల్ పోసి, సాంద్రత కొలిచే హైడ్రోమీటరు, థర్మామీటరు ముంచుతారు. మన ఎండల్లో 38 డిగ్రీల వద్ద హైడ్రోమీటరు 814 చూపిందని కంగారుపడవద్దు. వేడికి సాంద్రత తగ్గుతుంది; పట్టిక చూసి ప్రామాణికమైన 15 డిగ్రీలకు మారిస్తే అది దాదాపు 830 అవుతుంది. ఆ అంకెకు, ట్యాంకరుతో వచ్చిన చలానాలోని అంకెకు మధ్య తేడా మూడు దాటితే సరుకు మీద సందేహం న్యాయమైనదే. అయితే ఈ పరీక్షకూ ఒక పరిమితి ఉంది. కల్తీకి వాడే కిరోసిన్ డీజిల్ కంటే కొద్దిగానే తేలిక కనుక పదో వంతు లోపు కలిపితే ఇందులో దొరకకపోవచ్చు. దానిని పట్టుకోవడం ప్రయోగశాల పని. బంకులో రాసి ఉంచే కంపెనీ అధికారి నంబరుకు ఫిర్యాదు చేస్తే, నమూనా తీసి పరీక్షించే బాధ్యత వారిది.

నేను ఏళ్ల తరబడి డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు విప్పి చూస్తున్నవాడిని. కల్తీ కంటే ఎక్కువగా నాకు కనిపించిన శత్రువు నీరు. ఒక వానకాలంలో ఒక వ్యానులో డీజిల్ నుంచి నీటిని వేరుచేసే వడపోత అడుగున ఉన్న మర తిప్పి సీసాలోకి దింపాను. పైన గడ్డి రంగు డీజిల్, కింద తెల్లని నీరు, రెండింటి నడుమ వేలికి జిగురుగా అంటే గోధుమరంగు పొర. నీరు చేరిన చోట సూక్ష్మజీవులు పెరిగి కట్టే పొర అది. అలాంటి నీరు చేరి తుప్పు పట్టిన ఇంజెక్టరు సూది, వేయి బార్లకు (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు వేయి రెట్లకు) పైగా ఒత్తిడితో పనిచేసే నేటి ఇంజన్లలో ఎక్కువ కాలం నిలవదు. కాబట్టి కంపెనీ పేరు కంటే, రద్దీ ఎక్కువగా ఉండి సరుకు నిలవ ఉండని బంకును, భూగర్భ ట్యాంకు మూతల చుట్టూ వాననీరు నిలవని బంకును ఎంచుకోండి. ట్యాంకరు దింపుతున్న సమయంలో పోయించుకోవద్దు. అడుగున పేరుకున్న మడ్డి అప్పుడే కదులుతుంది.

ప్రశ్న: మాకు కర్ణాటక సరిహద్దు దగ్గర. అక్కడ డీజిల్ చవక. చవక కనుక నాణ్యత తక్కువా? – ఒక పాఠకుడు, హిందూపురం

జవాబు: కాదు. ఆ తేడా రాష్ట్రాలు వేసే పన్నులది. యానాంలో ధర తక్కువగా ఉండడానికీ అదే కారణం. నాణ్యత ప్రమాణం అన్నిచోట్లా ఒక్కటే. అయితే బంకు ధర కంటే బాగా తక్కువకు, డ్రమ్ముల్లోనో చిన్న ట్యాంకుల్లోనో ‘బయోడీజిల్’ పేరుతో అమ్మే సరుకు జోలికి మాత్రం పోవద్దు. ఆ పేరు చాటున పరిశ్రమలకు వాడే నూనెలు అమ్ముతూ పట్టుబడిన సందర్భాలు ఉన్నాయి. గంధకం ఎక్కువగా ఉన్న నూనె పడితే బీఎస్-6 బండి పొగగొట్టంలో పొగను శుభ్రం చేసే ఉత్ప్రేరకం, మసి వడపోత దెబ్బతింటాయి. వాటి మరమ్మతు ఖర్చు ముందు, లీటరు మీద మిగిలిన పదో ఇరవయ్యో లెక్కలోకి రావు.

ప్రశ్న: ఎక్కువ ధర పెట్టి ప్రత్యేక డీజిల్ పోయిస్తే లాభమా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అందులోనూ మూలం అదే డీజిల్, ఇంజెక్టర్లను శుభ్రంగా ఉంచే మందులు కలుపుతారు, కొన్నింటిలో సీటేన్ సంఖ్యనూ పెంచుతారు. కంపెనీల మధ్య అసలైన తేడా ఉన్నది ఈ మందుల్లోనే. నగరంలో ఆగుతూ సాగుతూ తిరిగే పాత కారులో మసి పేరుకుని ఉంటే కొంత మేలు కనిపించవచ్చు. కొత్త బండికి, రోజూ దూరం పోయే బండికి నేను సిఫారసు చేయను. ఆ డబ్బుతో డీజిల్ ఫిల్టరును కంపెనీ చెప్పిన గడువు కంటే కొంచెం ముందుగానే మార్పించండి, విప్పిన పాత ఫిల్టరును మెకానిక్కు చేత మీ ముందే తెల్లని గిన్నెలోకి వంపించి చూడండి. మీరు పోయిస్తున్న బంకు ఎలాంటిదో ఆ గిన్నెలోనే కనిపిస్తుంది.