వేడి పాలు ఊదినట్టు ఊదు, తల్లీ

చిరంజీవి స్వాతికి,

పిన్ని ఆశీస్సులు. పరీక్ష ముందు నీకు ఆయాసం వచ్చి వేళ్లు కొంకర్లు పోయాయని, హాస్టల్లో పిల్లలు ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెట్టారని మీ అమ్మ చెప్పింది. డాక్టరు ఈసీజీ తీసి, గుండెకేం లేదు, టెన్షన్‌తో ఊపిరి ఎక్కువ తీశావు అన్నారట. అందరూ నాటకం అనుకుంటున్నారని ఏడ్చావట. నాటకం కాదమ్మా. క్యాజువాలిటీలో నర్సుగా ఇలాంటి చేతులు ఎన్ని పట్టుకున్నానో!

మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. ఒంట్లో బాగున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ దాదాపు నిండుగానే ఉంటుంది, ఎంత లాగినా పెద్దగా పెరగదు. లాగిన కొద్దీ బయటికి పోయేది కార్బన్ డయాక్సైడ్. అదీ ఒంటికి కొంత కావాలి. బాగా తగ్గితే మెదడులో రక్తనాళాలు సన్నబడి కళ్లు తిరుగుతాయి. రక్తంలో క్షారగుణం పెరిగి, నరాలకు అందాల్సిన కాల్షియం అందదు. మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్లు బిగుసుకోవడం అందుకే. దాంతో గాలి చాలట్లేదని భయపడి ఇంకా లాగుతాం.

ఒక రాత్రి కొత్త పెళ్లికూతుర్ని మోసుకొచ్చారు. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయింది. చుట్టూ నలుగురూ "గట్టిగా పీల్చమ్మా" అని అరుస్తున్నారు. వేలికి మిషన్ పెడితే ఆక్సిజన్ 99 శాతం! వాళ్లను బయటికి పంపి, పక్కన కూర్చుని, వేడి పాలు ఊదినట్టు ఊదమన్నాను. పావుగంటకు వేళ్లు విచ్చుకున్నాయి.

నువ్వూ అదే చెయ్యి. కూర్చో. పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదులు. తర్వాత నోరు మూసి, ముక్కుతో కొంచెమే తీసుకో. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే ఊపిరి నెమ్మదిగా ఆడుతోందో లేదో తెలుస్తుంది. మూతికి కవరు పెట్టుకుని అందులోనే ఊపిరి తీయమని ఎవరన్నా చెబితే వినకు, ఆక్సిజన్ పడిపోతుంది. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లకైతే ప్రాణం మీదికొస్తుంది.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నా. ప్రతి ఆయాసమూ టెన్షన్ కాదు. షుగర్ బాగా పెరిగి ఒంట్లో ఆమ్లం చేరినా, నిమోనియా వచ్చినా, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినా ఊపిరి ఇలాగే ఎగసిపడుతుంది. ఛాతీనొప్పి, జ్వరం, పిల్లికూతలు, పెదాలు నీలంగా మారడం, ఊదినా తగ్గకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లు. మీ రూమ్‌మేట్‌కి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు, పక్కనుండేది తనేగా.

రోజూ పడుకునే ముందు ఐదు నిమిషాలు ఊదడం అలవాటు చేసుకో. ఆదివారం ఫోన్ చేస్తా, ఇద్దరం కలిసి చేద్దాం.

మీ పిన్ని