నదీముఖాల్లో ఉండే కలరా బ్యాక్టీరియా అంతా కలరా తెస్తుందా?

తేదు. నది సముద్రంలో కలిసే ఉప్పటి నీళ్లలో సహజంగా బతికే విబ్రియో కలరేలో 200కు పైగా రకాలున్నా, కలరా మహమ్మారి తెచ్చినవి ఓ1, ఓ139 మాత్రమే.

తేడా జన్యువుల్లో ఉంది. పేగుల్లోకి ఒంట్లో నీరంతా తోడేసే విషపు జన్యువును బ్యాక్టీరియాకు ఇచ్చింది సీటీఎక్స్ అనే వైరస్. అసలు విశేషం ఏమిటంటే, బ్యాక్టీరియా పేగులో నిలదొక్కుకోవడానికి వాడే సన్నటి పోగులనే పట్టుకుని ఆ వైరస్ దానిలోకి దూరుతుంది.

1992లో మద్రాసులో బయటపడ్డ ఓ139 చూడండి. ఓ1 బ్యాక్టీరియానే పైపొర జన్యువులు మార్చుకుని అలా తయారైంది. పాత కలరాను తట్టుకున్న పెద్దవాళ్లకీ సోకింది.

మిగతా రకాలతో ఏ భయమూ లేదనుకోవడం పొరపాటు. వాటితోనూ విరేచనాలు పట్టుకోవచ్చు, గాయమున్న కాలితో ఆ నీళ్లలో దిగితే ఇన్ఫెక్షన్ రావచ్చు.