నలభై మందికి స్వీటా? ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టేసుకో చెల్లీ

నీ ప్రశ్న రెండుసార్లు చదివా. అమెరికాలో డల్లాస్ పక్కన ఫ్రిస్కో వచ్చి నాలుగు నెలలైంది, జులైలో పాప మొదటి పుట్టినరోజు, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో 40 మంది, భోజనం బయట చెప్పేశాం కానీ స్వీటు ఒక్కటైనా నా చేత్తో చెయ్యాలని ఉందక్కా అన్నావు చూడు, ఆ ఒక్క మాట కోసమే ఇంత పెద్ద జవాబు రాస్తున్నా. నా చెల్లెలంత దానివి కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమీ అనుకోకు.

ముందు కొలతలు కాదు, నా సంగతి విను. నేను 2004లో ఈ పక్కనే ఇర్వింగ్‌లో దిగా. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, ఇంట్లో ఎప్పుడూ పదిమంది. ఇక్కడికొచ్చాక ఈయన పొద్దున్నే ఎనిమిదింటికి వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే, నాకు డ్రైవింగ్ రాదు, డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చెయ్యడానికి అప్పట్లో వీల్లేదు (హెచ్4 అనే ఆ వీసా వాళ్ళలో కొందరికి వర్క్ పర్మిట్ ఇవ్వడం 2015లోనే మొదలైంది, నీ సంగతేంటో ఇక్కడి ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ సైట్‌లో చూసుకో). కాలింగ్ కార్డు గీకి ఆ నంబర్లన్నీ నొక్కి అమ్మతో వారానికి రెండుసార్లు మాట్లాడితే అదే నా తెలుగు. ఇప్పుడొచ్చే మీకు వీడియో కాల్ ఉంది కాబట్టి ఆ బాధ ఇంత అని చెప్పినా తెలీదు. ఒక్కోరోజు సాయంత్రానికి గానీ గమనించేదాన్ని కాదు, పొద్దుటి నుంచి నా నోట్లోంచి ఒక్క మాట కూడా రాలేదని.

అందుకని 2005 జులైలో మా పెళ్ళిరోజు పేరు చెప్పి ఈయన ఆఫీసు వాళ్ళని, అపార్ట్‌మెంట్‌లో కనపడ్డ తెలుగు వాళ్ళని, మొత్తం 30 మందిని పిలిచా. వంటంతా నేనే. స్వీటు సేమ్యా పాయసం, గులాబ్‌జామ్. పాయసం రాత్రే చేసి పెట్టుకున్నా, తెలివైన పని చేశాననుకున్నా. పొద్దున్న మూత తీస్తే సేమ్యా పాలన్నీ తాగేసి గరిటె నిలబడేంత గట్టిగా ముద్దకట్టింది. సరే అని పాలు పోసి మళ్ళీ స్టవ్ మీద పెడితే అడుగంటింది. అది ఇంకో గిన్నెలోకి మార్చి, పైపైన తీసి, మళ్ళీ పాలు, మళ్ళీ పంచదార. ఇంకో పొయ్యి మీద జామూన్లు వేడివేడిగా పెట్టాలని అప్పటికప్పుడు వేయిస్తున్నా. పదకొండు నుంచి మూడింటిదాకా హాల్‌కి వీపు పెట్టి స్టవ్ దగ్గరే నిలబడ్డా. వెనకాల నవ్వులు, పిల్లల కేకలు, ఎవరో మా గుంటూరు యాసలో ఏదో అంటున్నారు, తిరిగి చూద్దామంటే నూనె మాడిపోతోంది. అందరూ కిచెన్ దాకా వచ్చి చాలా బావుందండీ అని చెప్పి వెళ్ళిపోయారు. సాయంత్రం సింకు నిండా ప్లేట్లు. వాటి ముందు నిలబడి ఏడ్చా. ఆర్నెల్ల నుంచి మనిషి కోసం మొహం వాచిపోయి, 30 మందిని ఇంటికి పిలిచి, ఒక్కళ్ళని కూడా మీదే ఊరు అని అడగలేదు నేను.

అందుకే నీకు చెప్పేది ఒక్కటే. ఆరోజు నువ్వు స్టవ్ వెలిగించకూడదు. ముందురోజు రాత్రికే స్వీటు ఫ్రిజ్‌లో ఉండాలి, పొద్దున్న దాని రుచి ఇంకా పెరగాలి, తగ్గకూడదు. ఈ లెక్కన సేమ్యా, సగ్గుబియ్యం రెండూ కొట్టెయ్, అవి నానినకొద్దీ గట్టిపడతాయి. వేడిగా తినాల్సిన హల్వాలూ వద్దు. టెక్సాస్ జులైలో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో నుంచి వచ్చినవాళ్ళు ఎటూ చల్లటిదే అడుగుతారు.

నా మొదటి ఓటు ఖుబానీ కా మీఠాకి. నాకు ఇది మా పై అంతస్తులో ఉండే హైదరాబాద్ పాతబస్తీ ఆంటీ నేర్పారు. మా గుంటూరు వైపు వాళ్ళం ఇది పెళ్ళిళ్ళ బఫేలో తినడమే గానీ ఇంట్లో చెయ్యం. ఎండు ఆప్రికాట్లు 3 పౌండ్లు తీసుకో. అక్కడ మన దగ్గర గింజ ఉన్నవి వాడతారు, గింజ పగలగొట్టి లోపలి పప్పు పైన వేస్తారు. ఇక్కడ ఎక్కువగా దొరికేది గింజ తీసేసిన టర్కీ సరుకు. నారింజ రంగులో మెరుస్తూ ఉండేవి సల్ఫర్ పట్టించినవి, పుల్లగా ఉంటాయి, గోధుమ రంగులో ముడతలు పడి చూడ్డానికి బావుండనివే తియ్యగా, మన రుచికి దగ్గరగా ఉంటాయి. నేను మొదటిసారి రంగు చూసి మోసపోయి నారింజవే తెచ్చా, ఎంత పంచదార వేసినా ఆ పులుపు చావలేదు. కడిగి, మునిగేదాకా నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టు. పొద్దున్న ఆ నీళ్ళతోనే సన్న సెగ మీద మెత్తబడేదాకా ఉడికించి, గరిటె వెనకవైపుతో సగం మెదిపి సగం ముక్కలుగా వదిలెయ్, పంచదార అప్పుడు వెయ్, ముందే వేస్తే పండు సరిగా మెత్తబడదు. ఒక కప్పున్నరతో మొదలుపెట్టి రుచి చూసుకుంటూ వెయ్యి. చివర్లో కాస్త నిమ్మరసం. ఇది ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులున్నా ఏమీ కాదు, రెండోరోజు ఇంకా బావుంటుంది కూడా. మనిషికి పావు కప్పు వేసి పైన వెనీలా ఐస్‌క్రీమ్ పెట్టు. ఈ ఊళ్ళో నా చేతి ఖుబానీ తినని తెలుగిల్లు తక్కువ, చెప్పుకోకూడదు గానీ.

రెండోది ఫ్రూట్ కస్టర్డ్, ఇది పిల్లల కోసం. చాలా తేలికనుకుంటారు గానీ నేను దీంట్లోనే రెండుసార్లు దెబ్బతిన్నా. ఒక గాలన్ హోల్ మిల్క్, కప్పుకి కొంచెం తక్కువ కస్టర్డ్ పౌడర్, ఒకటిముప్పావు కప్పు పంచదార. చల్లారాక తీపి తక్కువ తెలుస్తుంది కాబట్టి వేడిమీద కాస్త ఎక్కువ తీపి అనిపించాలి. పౌడర్ చల్లటి పాలల్లోనే కలపాలి, వేడి పాలల్లో వేస్తే ఉండలు కడుతుంది. గరిటెకి పల్చగా పట్టుకోగానే దించెయ్, చల్లారితే అదే చిక్కబడుతుంది.

ఇంక నా తప్పు. ఓసారి వనభోజనాలకని (మన దగ్గర కార్తీకంలో, మేమేమో వేసవి సెలవుల్లో పార్కులో పెట్టుకునేవాళ్ళం) గాలన్ కస్టర్డ్ చేసి ఆ పెద్ద గిన్నె గిన్నెంతా మూతపెట్టి వేడివేడిగా ఫ్రిజ్‌లో తోసేశా. పైన చల్లగా ఉంది, మధ్యలో తెల్లారేదాకా గోరువెచ్చగానే ఉండిపోయింది, పొద్దున్న వాసన చూస్తే పులిసింది. దాంతోపాటు ఫ్రిజ్‌లో ఉన్న పెరుగు, కూరలు కూడా పోయాయి. ఆరోజు ఖాళీ చేతులతో వెళ్ళా పార్కుకి, ఎవరూ ఏమీ అనలేదు గానీ నాకే తలెత్తి మాట్లాడాలనిపించలేదు, ఓ మూల చెట్టు కింద కూర్చుని వచ్చేశా. కాబట్టి కస్టర్డ్‌ని వెడల్పాటి అల్యూమినియం ట్రేల్లోకి రెండంగుళాల మందం మించకుండా పోసి, మీగడ కట్టకుండా ప్లాస్టిక్ ర్యాప్ కస్టర్డ్‌కి అంటేలా పరిచి, ఆవిర్లు పోగానే ఫ్రిజ్‌లో పెట్టు. పళ్ళు మాత్రం ఆరోజే. ద్రాక్ష, ఆపిల్, దానిమ్మ, మామిడి పొద్దున్న, అరటిపండు వడ్డించే ముందు. తాజా అనాస, కివీ వేశావో పాలు చేదెక్కుతాయి, అనాస కావాలంటే డబ్బాలోదే వాడు. మామిడికి బంగినపల్లి కోసం వెతుక్కోకు, మెక్సికో నుంచి వచ్చే పసుప్పచ్చ అటౌల్ఫో పండ్లు జులై మొదట్లో కూడా దొరుకుతాయి, పీచు ఉండదు.

మామిడి పుడ్డింగ్ గురించి అడిగావు. చెయ్, కానీ జెలటిన్‌తో వద్దు. అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. నాకు తెలీక ఒకసారి డబ్బా జెల్లీ కలిపిన పుడ్డింగ్ పెట్టా, విజయవాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ రెండు చెంచాలు తిన్నాక ఎవరో డబ్బా మీద చదివి చెప్పారు. ఆవిడ నన్ను ఒక్కమాట అనలేదమ్మా, చెంచా పక్కన పెట్టి వెళ్ళి నోరు కడుక్కుని వచ్చారు. ఆ మొహం నాకింకా గుర్తే. అప్పట్నుంచి నాది చైనా గ్రాస్, అంటే సముద్రపు నాచు నుంచి తీసే అగర్. 850 గ్రాముల మామిడి గుజ్జు డబ్బా ఒకటి, రెండు కప్పుల పాలు, 10 గ్రాముల చైనా గ్రాస్ కత్తిరించి కప్పు నీళ్ళలో నానబెట్టి, ఒక్క పోగు కూడా కనపడకుండా పూర్తిగా కరిగేదాకా మరిగించు. మామిడి గుజ్జు, పాలు గోరువెచ్చగా ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే కలిపితే చైనా గ్రాస్ తగిలిన చోటల్లా బిగుసుకుని పలుకులు పలుకులుగా వస్తుంది. డబ్బా గుజ్జులో పంచదార ముందే ఉంటుంది, రుచి చూశాకే వెయ్యి. దీంతో ఇంకో సుఖమేంటంటే ఒకసారి గట్టిపడ్డాక ఎండకి కరగదు, జెలటిన్ అయితే టెక్సాస్ ఎండలో పావుగంటకే జారిపోతుంది. నీకు మూడు డబ్బాలు సరిపోతాయి.

కుల్ఫీ కూడా ఉంది, స్టవ్‌తో పనే లేదు. 14 ఔన్సుల కండెన్స్‌డ్ మిల్క్, 12 ఔన్సుల ఎవాపరేటెడ్ మిల్క్, 8 ఔన్సుల కూల్‌విప్ (డబ్బాలో దొరికే గిలక్కొట్టిన క్రీమ్ లాంటిది), యాలకుల పొడి, కాస్త కుంకుమపువ్వు, అన్నీ కలిపి 3 ఔన్సుల పేపర్ కప్పుల్లో పోసి పైన ఫాయిల్ కప్పి పుల్ల గుచ్చి ఫ్రీజర్‌లో పెట్టడమే. ఒక విడతకి 15 దాకా వస్తాయి, మూడు విడతలు చెయ్యి. క్లబ్‌హౌస్‌కి తీసుకెళ్ళేటప్పుడు కూలర్‌లో ఉత్త ఐసు వేస్తే కుల్ఫీ నిలవదు, కరుగుతుంది. మన ఊళ్ళో కుల్ఫీ బండి అతను కుండలో ఐసు మీద గుప్పిళ్ళతో రాళ్ళుప్పు వేసేవాడు గుర్తుందా, అదే పని చెయ్యి, ఉప్పు వేస్తే ఐసు ఇంకా చల్లబడుతుంది. చిన్నప్పుడు ఆ బండి చుట్టూ నిలబడి చూసింది నాకు పాతికేళ్ళ తర్వాత డల్లాస్‌లో పనికొచ్చింది.

పాలతో చేసినవి ఏవైనా బయట రెండు గంటలు మించి ఉంచకూడదు, 90 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే, మిగతా రూల్స్ ఇక్కడి వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ సైట్‌లో ఉంటాయి. జీడిపప్పు, పిస్తా కలపకు, పక్కన గిన్నెలో పెట్టు, ఇక్కడి పిల్లల్లో కొందరికి ఎలర్జీ. క్లబ్‌హౌస్‌లో ఫ్రిజ్ ఉందో లేదో ఇవాళే వెళ్ళి చూసిరా.

నన్నడిగితే ఖుబానీ, కస్టర్డ్ రెండూ చాలు. నాలుగూ చెయ్యాలని కూర్చోకు, మీ వయసులో అందరికీ ఉండే ఉబలాటమే అది, ఫోటోలో బల్ల నిండుగా కనపడాలని. గురువారం రాత్రి ఆప్రికాట్లు నానబెట్టు, శుక్రవారం పొద్దున్న ఉడికించు, సాయంత్రం పాప పడుకున్నాక కస్టర్డ్. శనివారం పళ్ళు కోసే పని మీ ఆయనకి అప్పజెప్పు. వడ్డన కూడా నువ్వు చెయ్యకు, గరిటె ఎవరో ఒకళ్ళ చేతికివ్వు, అడిగితే ఎవరూ కాదనరు, పని చేతిలో ఉంటే కొత్తవాళ్ళకి కూడా బెరుకు పోతుంది. నువ్వు పాపని ఒళ్ళో పెట్టుకుని జనం మధ్యలో కూర్చో. ఒక్కొక్కళ్ళని ఊరు అడుగు, ఏ వీధి అని అడుగు, ఇక్కడ పగలు ఇంట్లో ఎవరుంటారో అడుగు. ఆ చివరిది మర్చిపోకు. వీకెండ్‌లో 40 మంది ఉంటారు, నీక్కావాల్సింది మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి.

మిగిలింది పెరుగు డబ్బాల్లో పెట్టి పంపకు, అవి చెత్తలోకి పోతాయి. స్టీలు డబ్బాల్లో పెట్టివ్వు, నాలుగైనా చాలు. స్టీలు డబ్బా ఎవరూ ఉంచేసుకోరు, ఖాళీగా తిరిగిచ్చే అలవాటూ మనవాళ్ళకి లేదు. ఆ హైదరాబాద్ ఆంటీకి నేను 2006లో కొబ్బరి లౌజు పెట్టి ఇచ్చిన డబ్బా ఖుబానీతో తిరిగొచ్చింది, మళ్ళీ నేను పులిహోర పెట్టా, ఆవిడ డబుల్ కా మీఠా పెట్టారు, మూత వదులైపోయింది, అడుగున మా అమ్మ పేరు చెక్కి ఉంటుంది చూడు అది కూడా అరిగిపోయింది, అయినా వాళ్ళు ఫీనిక్స్ వెళ్ళేదాకా ఆ డబ్బా ఇద్దరిళ్ళ మధ్యా తిరుగుతూనే ఉంది.

ఖుబానీ ఉడికించడానికి మందపాటి అడుగున్న పెద్ద గిన్నె నీ దగ్గర ఉండి ఉండదు, నాలుగు నెలలకే ఎవరూ కొనరు, ఒక్క పూట కోసం కొనొద్దు కూడా. నా దగ్గర రెండున్నాయి, మేమిప్పుడు ప్లేనోలో ఉంటున్నాం, నీకు ఇరవై నిమిషాలు. బుధవారం పగలు ఇంట్లోనే ఉంటా, పాపని తీసుకుని వచ్చి పట్టుకెళ్ళు.