ఆయిల్-ఎయిర్ మీద రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

ఆయిల్-ఎయిర్ మీద, అంటే గాలితో తోసి బేరింగులకి కొద్దికొద్దిగా నూనె అందించే పద్ధతి మీద నువ్వు పంపిన ఆర్టికల్ రెండుసార్లు చదివాను. భాష బానే ఉంది గానీ మొదటి పేరాలోనే "ఆయిల్-ఎయిర్ పెడితే రాపిడి, అరుగుదల రెండూ తగ్గుతాయి" అని ఒకే ఊపులో తేల్చేశావ్, అక్కడే నాకు చిరాకేసింది. రాపిడి అంటే కదలికకి అడ్డం పడే బలం, అరుగుదల అంటే ఊడిపోయిన లోహం, ఒకటి తగ్గితే రెండోది కూడా అంతే తగ్గాలని ఎక్కడా లేదు. నువ్వు దేన్ని చూశావో అదే రాయి.

ఇంకోటి, నూనె పొగలా వెళ్తుందన్నావు, అది ఆయిల్ మిస్ట్ అనే వేరే పద్ధతి సంగతి. ఇక్కడ మీటరింగ్ వాల్వు కొలిచి వదిలిన కొద్దిపాటి నూనెని గాలి ట్యూబు లోపలి గోడ వెంట తోసుకుపోతుంది. ట్రాన్స్‌పరెంట్ ట్యూబు దగ్గర కాసేపు నిలబడు, వానలో వెళ్లే బస్సు అద్దం మీద నీళ్లు గాలికి వెనక్కి పాకుతాయే, అచ్చం అలా సన్నటి చారలు కనపడతాయి. ఇది నీ ఆర్టికల్‌లో లేదు, ఉండాల్సింది ఇదే.

నేను చేసిన తప్పు చెప్తా విను. ఒక రోలింగ్ మిల్లులో ఉండగా నైట్ షిఫ్ట్‌లో ఒక గన్‌మెటల్ బుష్ (ఇరుసు లోపల తిరిగే, రాగి కలిసిన లోహపు గొట్టం) వేడెక్కింది, నేను లాగ్‌బుక్‌లో "ఆయిల్ సరిపోవట్లేదు" అని రాసి ఇంటికెళ్లి పడుకున్నా, తర్వాతి షిఫ్ట్ వాళ్లు అది నమ్మి ఆయిల్ పెంచారు, అయినా వేడి తగ్గలేదు. విప్పితే బుష్ నిండా గీతలు, గోరు పెడితే తగులుతున్నాయి, తుడిచిన కాటన్ వేస్ట్‌కి రాగి రంగు పొడి. అసలు సంగతేంటంటే కంప్రెసర్‌లో చేరిన నీళ్లు వదిలే డ్రెయిన్ ఎవరూ తిప్పలేదు, గాలితో పాటు నీళ్లొచ్చి ట్యూబులో చారలు మజ్జిగ రంగుకి తిరిగాయి. ఆ తెలుపు నేను రాత్రే చూశాను! చూసింది మానేసి ఊహించింది రాశాను.

1883లో బీచాంప్ టవర్ అనే ఇంగ్లీషాయన రైలు ఇరుసు బేరింగ్ మీద టెస్టులు చేస్తూ పైన నూనె కోసం బెజ్జం పెడితే అందులోంచి నూనె పైకి తన్నుకొచ్చిందట, బిరడా కొడితే బిరడా కూడా ఎగిరొచ్చింది. ఆయన విసుక్కోకుండా ప్రెషర్ గేజి బిగించాడు, చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటేసింది. అది ఎందుకో లెక్క కట్టి చెప్పింది 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త. అయితే టవర్ టెస్టులో ఇరుసు అడుగు భాగం నూనె తొట్టిలో మునిగి తిరిగేది, మన చుక్కలకి అంత మందం ఫిల్మ్, అంటే లోహాల్ని విడిగా ఉంచే నూనె పొర, నిలవకపోవచ్చు, మెషిన్ స్టార్ట్ అయ్యేప్పుడు, ఆగేప్పుడు మరీను, లోహం లోహాన్ని తాకేది అప్పుడే. నీ పేరాలో ఫిల్మ్ ఎప్పుడూ ఉన్నట్టే రాశావ్, అది మార్చు.

ఆ బుష్ ఇంకా నా టేబుల్ మీదే ఉంది, పెన్నులు వేసుకుంటున్నా. ఈసారి వచ్చినప్పుడు గోరు పెట్టి చూద్దువుగాని.

మీ అన్న