పాత కారు మీటర్ బోర్డుకి ఎల్ఈడీలు వేసుకోవచ్చు, ఒక్క బ్యాటరీ గుర్తు బల్బు జోలికి మాత్రం పోకండి

మీరడిగింది ఏంటంటే, 2004 మోడల్ కారు, రాత్రిపూట స్పీడోమీటర్ అంకెలు సరిగ్గా కనపడట్లేదు, లోపలి బల్బులు తీసేసి ఎల్ఈడీలు వేసుకోవచ్చా, ఫ్రెండ్స్ బ్లూ బావుంటది అంటున్నారు నిజమేనా, వైరింగ్ ఏమన్నా మార్చాలా అని. వేసుకోవచ్చండి, వైరింగ్ అసలు ముట్టుకోనక్కర్లేదు. మాదీ ఆ కాలం నాటి మారుతీయే, బోర్డు ఊడదీసి నేనే మార్చుకున్నా, ఇప్పటికీ బాగానే ఉంది. బ్లూ మాత్రం వద్దు, ఎందుకో కింద చెప్తా.

అసలు ముందు ఒక పని చేయండి. పాత బల్బు ఒకటి పీకి వెలుతురులో పెట్టి చూడండి. గాజు లోపల నల్లగా మసి పట్టినట్టు ఉంటే అది ఫిలమెంట్‌లోని టంగ్‌స్టన్ ఏళ్ళ తరబడి ఆవిరై గాజుకి అంటుకోవడం వల్ల. అలాంటప్పుడు అదే సైజు మామూలు కొత్త బల్బులు వేసినా సగం సమస్య తీరిపోద్ది, ఖర్చు కూడా టిఫిన్ డబ్బులంత అవ్వదు. ఇంకోటి, మీటర్ ముందుండే ప్లాస్టిక్ అద్దం గీతలు పడి మబ్బుగా అయిపోయి ఉంటే లోపల ఎంత లైటు వేసినా వేస్టే, దాన్ని ముందు పాలిష్ చేయించండి.

అయినా ఎల్ఈడీలే కావాలంటే దాని అసలు లాభం వెలుతురు కాదు, వేడి తక్కువ. ఫిలమెంట్ బల్బు 3 వాట్లో 5 వాట్లో తింటది, అందులో ఎక్కువ భాగం వేడిగానే పోద్ది, ఆ వేడికి వెనకున్న తెల్ల ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరిగి, ఒక్కోసారి డయల్ మీద బల్బు ఉన్న చోట గోధుమరంగు మచ్చ కూడా పడుద్ది. ఎల్ఈడీ అయితే అర వాటు దగ్గర్లో సరిపెట్టుకుంటది, మళ్ళీ మళ్ళీ బోర్డు ఊడదీసే పని ఉండదు.

ఇక బోర్డు తీయడం. ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసేయండి, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండైతే తీశాక కొన్ని నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేముకి స్క్రూలు ఉంటయి, అవి తీశాక బోర్డుకి ఉండే స్క్రూలు, ఆ తర్వాత బోర్డు ముందుకి వస్తది కానీ మొత్తం రాదు, లాగొద్దు. మన కాలం బండ్లలో చాలావాటికి స్పీడోమీటర్ కేబుల్ గేరుబాక్స్ దగ్గర్నుంచి వచ్చి మీటర్ వెనక తగులుకుని ఉంటది. సందులోంచి చెయ్యి పెట్టి దాని ప్లాస్టిక్ లాకు వేలితో నొక్కి పట్టుకుని కేబుల్ వెనక్కి లాగాలి. చెయ్యి లావుంటే కష్టమే, ఇంట్లో పిల్లల్ని పిలవండి. కనెక్టర్లు తీసేటప్పుడు వైర్లు పట్టుకుని కాదు, కనెక్టర్ బాడీ పట్టుకుని లాకు నొక్కి తీయండి.

బోర్డు వెనక్కి తిప్పితే పల్చటి ప్లాస్టిక్ కాగితం లాంటిది అతికించి ఉంటది, దాని మీద రాగి గీతలు. వైర్ల బదులు కరెంటు వెళ్ళేది ఆ గీతల్లోనే. బల్బుల హోల్డర్లు ఆ కాగితానికి ఉన్న గుండ్రటి రంధ్రాల్లో కూర్చుని ఉంటయి, పావు తిప్పు తిప్పితే ఊడొస్తయి, రెండు చిన్న రేకు చెవులు రాగి మీద ఒత్తుకుని ఉండేది కనపడుద్ది. ఇక్కడ ఓపిక కావాలి. హోల్డర్ని బలంగా మెలితిప్పితే రాగి గీత లేచిపోద్ది, అది పోతే ఆ బల్బు ఒక్కటే కాదు, ఆ గీత మీద ఉన్న మిగతావన్నీ పోతయి. పాతబడిన బండ్లలో ఆ కాగితం ఎండిన అరటాకులా పెళుసుగా ఉంటది, అందుకే చలికాలం తెల్లవారుజామున కాకుండా కాస్త ఎండెక్కాక చేసుకోండి అని మా ఎలక్ట్రీషియన్ అంటాడు, అందులో న్యాయం ఉంది.

బల్బుల సైజు మోడల్ని బట్టి మారుద్ది. సాధారణంగా డయల్ మొత్తానికి వెలుగిచ్చేవి టీ10 అనే పెద్దవి, వార్నింగ్ లైట్లకి టీ5 అనే చిన్నవి, రెండూ అడుగున గాజే చప్పటి నాలుకలాగా ఉండి హోల్డర్లోకి గుచ్చుకునే రకం. ఊహించి కొనొద్దు, పాత బల్బు జేబులో వేసుకుని షాపుకి వెళ్ళండి. విజయవాడ వాళ్ళయితే ఆటోనగర్‌లో, హైదరాబాద్ అయితే రాణీగంజ్ వైపు దొరుకుతయి, విడి ఎల్ఈడీలు, రెసిస్టర్లు (కరెంటుని అడ్డుకునే చిన్న ముక్కలు) కావాలంటే కోఠీ గుజరాతీ గల్లీ. కొనేటప్పుడు 12 వోల్టులు అని రాసుంటే చాలదు, ఇంజన్ నడుస్తున్నప్పుడు బండిలో 14 వోల్టుల దాకా ఉంటది, అది తట్టుకుంటదా లేదా అడగండి, మరీ చవక రకాలు ఆ తేడాకే వేడెక్కి కొన్ని నెలల్లో మినుకు మినుకుమంటయి.

ఎల్ఈడీ ఆకారం కూడా చూడండి, చాలామంది దీన్ని పట్టించుకోరు. ఫిలమెంట్ బల్బు చుట్టూతా వెలుగుద్ది. ఎల్ఈడీ చిప్పు ఎటు చూస్తుంటే అటే వెలుగు. కొనమీద ఒక్క చిప్పు ఉన్నది వేస్తే 60 అంకె దగ్గర టార్చి కొట్టినట్టు తెల్లటి మచ్చ, 120 దగ్గర చీకటి. నాలుగు పక్కలా చిప్పులు, పైన ఒకటి ఉండే రకం తీసుకుంటే వెలుగు పరుచుకుంటది. ఇంకా మచ్చ పడితే ఎల్ఈడీ మూతి మీద సన్నటి సాండ్ పేపర్‌తో రుద్దితే పాలగాజులా అయ్యి సర్దుకుంటది.

రంగు సంగతి. చాలా పాత మీటర్లలో బల్బు తెల్లదే, రంగు వచ్చేది డయల్ వెనక పూత వల్లనో, బల్బుకి తొడిగే రబ్బరు టోపీ వల్లనో. మాదాంట్లో ఆకుపచ్చ టోపీలు ఉన్నయి. ఆకుపచ్చ ఫిల్టరు వెనక ఎర్ర ఎల్ఈడీ పెడితే దాదాపు చీకటే, ఎందుకంటే ఫిల్టరు రంగు కలపదు, ఉన్నదాంట్లోంచి తన రంగు తప్ప మిగతాది ఆపేస్తది. బ్లూ పెట్టినా అంతే, చాలావరకు ఆగిపోద్ది. మామూలు కూల్ వైట్ ఎల్ఈడీ అంటే అసలు నీలం చిప్పు, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత, అందులో ఎరుపు తక్కువ, అందుకే నేను ముందు కూల్ వైట్ వేసి చూస్తే అంకెలు బానే ఉన్నయి గానీ నారింజ రంగు ముల్లు వెలిసిపోయిన బట్టలాగా అయిపోయింది. టోపీలు ఉంచి లోపల ఆకుపచ్చ ఎల్ఈడీ వేస్తే అంకెలు ఒరిజినల్ కంటే చిక్కగా వచ్చినయి కానీ ముల్లు ఇంకా మసకే. చివరికి టోపీలు తీసేసి వార్మ్ వైట్ వేశా, 3000 కెల్విన్ అని రాసుంటది చూడండి, ముల్లు ముల్లులా అంకె అంకెలా ఉంది. మీ డయల్‌కి వెనక పూత ఉంటే మాత్రం దాన్ని గీకొద్దు, అది మళ్ళీ రాదు, ఆ పూత రంగుకే ఎల్ఈడీ మ్యాచ్ చేసుకోండి.

ఇక మీ ఫ్రెండ్స్ బ్లూ గురించి. ఫోక్స్‌వాగన్ వాళ్ళు 2000 ప్రాంతంలో గోల్ఫ్ లాంటి కార్లలో నీలం లైటు ఎర్ర ముల్లు ఇచ్చారు, షోరూంలో చూడటానికి అదిరిపోయేది, తర్వాత వాళ్ళే తెలుపుకి మారారు. బీఎండబ్ల్యూ ఏళ్ళ తరబడి నారింజ లైటుతోనే నడిపింది. మన కన్ను నీలం కాంతిని మిగతా రంగులతో పాటు ఒకే చోట ఫోకస్ చెయ్యలేదు, అంకెల అంచులు చెదిరినట్టు కనపడతయి, పైగా చీకట్లో చూసే కణాలకి నీలం పచ్చల వైపు కాంతి బాగా తగిలి చీకటికి అలవాటు పడ్డ చూపు పోద్ది. రాత్రి పూట సూర్యాపేట దాటాక విజయవాడ హైవే మీద ఎదురుగా బండ్లు లేని చోట ఆ నీలం వెలుగు ముందద్దం మీద ప్రతిబింబంలా పడుతుంటే చికాకు తెలుస్తది. పగలు పార్కింగ్‌లో ఫొటో తీసుకోవడానికి తప్ప బ్లూ దేనికీ పనికిరాదని నా అభిప్రాయం, ఇష్టమైతే వేసుకోండి, మీ బండి మీ ఇష్టం.

ఇప్పుడు టైటిల్లో చెప్పిన ముఖ్యమైన విషయం. బ్యాటరీ బొమ్మ ఉండే వార్నింగ్ బల్బు ఉంది చూశారా, పాత బండ్లలో అది ఉత్త గుర్తు కాదు. ఇగ్నిషన్ ఆన్ చెయ్యగానే ఆ బల్బు గుండా వెళ్ళే కరెంటే ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసేది, మెకానిక్‌లు డైనమో అంటారు) లోపలి ఫీల్డు కాయిల్ అనే తీగ చుట్టకి మొదటి ఊపు ఇస్తది, దాంతోనే అది చార్జింగ్ మొదలుపెడుద్ది. ఒకటిన్నర వాటు దగ్గరి బల్బు అయితే పన్నెండు వోల్టుల మీద ఒక ఆంపియర్లో ఎనిమిదో వంతు కరెంటు పోద్ది, ఎల్ఈడీ అయితే అందులో ఆరో వంతు కూడా వెళ్ళనివ్వదు. మా బావమరిది పాత కారుకి యాక్సెసరీస్ షాపు కుర్రాడు అన్ని బల్బులూ ఎల్ఈడీలు చేసేశాడు, వార్నింగ్ లైట్లతో సహా. బండి స్టార్ట్ అవుద్ది, అంతా బానే ఉన్నట్టుంటది, కానీ ఒకసారి గట్టిగా రైజ్ చేస్తే గానీ చార్జింగ్ అందుకునేది కాదు, సిటీలో ట్రాఫిక్‌లో నిదానంగా తిరిగిన రోజున బ్యాటరీ మీదే నడిచి పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్ మని ఒక్క చప్పుడు. ఇద్దరు మెకానిక్‌లు డైనమో పోయింది, మార్చాలి అన్నారు. మల్టీమీటర్ బ్యాటరీకి పెట్టి చూస్తే ఐడిల్‌లో 12.3 వోల్టులు, రైజ్ చేశాక 14 చూపించింది, అప్పుడు అర్థమయ్యి ఆ ఒక్క బల్బు పాతది వేస్తే సమస్య పోయింది. రెసిస్టర్ పక్కన కలిపి ఎల్ఈడీ పెట్టే పద్ధతి ఉంది, దాదాపు 100 ఓమ్‌లు, కనీసం 3 వాట్లది, కానీ ఆ వేడి ఆ ప్లాస్టిక్ కాగితం పక్కన ఎందుకు చెప్పండి. పాత బల్బు ఉంచేయండి, అదెలాగూ ఎప్పుడో తప్ప వెలగదు.

ఇండికేటర్ బాణం కూడా చూసుకోండి. కొన్ని పాత బండ్లలో ఎడమకీ కుడికీ కలిపి ఒకటే బల్బు, అది రెండు వైపుల వైర్ల మధ్య ఉంటది, కరెంటు ఒకసారి ఇటు ఒకసారి అటు పోద్ది. మామూలు ఎల్ఈడీకి ప్లస్ మైనస్ ఉంటది కాబట్టి ఒక వైపుకే వెలుగుద్ది, రెండో వైపు తిరిగినప్పుడు బాణం రాదు. రెండు బాణాలు విడివిడిగా ఉంటే ఈ గొడవ లేదు. నేనైతే వార్నింగ్ లైట్లు వేటినీ మార్చలేదు, వెనక వెలుగిచ్చేవే మార్చా.

లైటు తగ్గించే గుండ్రటి తిప్పుడు స్విచ్ ఉంటే అది ఎల్ఈడీల తర్వాత సరిగ్గా పనిచెయ్యదు. అది పాతకాలం రకం అయితే కరెంటు ఎక్కువ పోతేనే వోల్టేజి తగ్గుద్ది, ఎల్ఈడీ తాగే కాస్త కరెంటు దానికి పట్టనట్టే ఉంటది, చివరిదాకా తిప్పినా అంతే వెలుగు. అందుకే మరీ బ్రైట్‌వి కొనొద్దు అనేది.

బిగించే ముందు బోర్డు కనెక్టర్లు మాత్రం పెట్టి, బ్యాటరీ తగిలించి పార్కింగ్ లైటు వేసి చూడండి. వెలగనివి ఉంటే పాడైనవి కాదు, తిరగేసి పెట్టారు, పీకి అటుది ఇటు తిప్పి గుచ్చండి. మిణుకుమంటుంటే ఎల్ఈడీ అడుగున మడిచిన సన్న తీగలు రేకుకి సరిగ్గా తగలట్లేదు, గుండుసూదితో కాస్త బయటికి లాగండి. తర్వాత ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఆయిలు, బ్యాటరీ, హ్యాండ్‌బ్రేకు గుర్తులు మూడూ వెలగాలి, ఒక్కటి రాకపోయినా బిగించెయ్యొద్దు, స్టార్ట్ చేశాక ఆయిలు, బ్యాటరీ ఆరిపోవాలి. ముల్లులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో పీకొద్దు, బల్బులకి వాటితో పనిలేదు, పీకి మళ్ళీ గుచ్చితే రీడింగ్ తేడా వచ్చేస్తది.

మీ బోర్డు వెనక తిప్పుడు హోల్డర్లు కనపడకుండా ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డు మీద బియ్యపు గింజంత ఎల్ఈడీలు సోల్డర్ చేసి ఉంటే అది వేరే కథ, సన్న మొన సోల్డరింగ్ ఐరన్ చేతికి అలవాటు ఉంటేనే దిగండి, లేదంటే సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్ళకి ఇవ్వండి, కారు మెకానిక్ కంటే వాళ్ళు నీట్‌గా చేస్తారు. బోర్డు తీశాక వెనక వైపు ఒక ఫొటో పెట్టండి, అందులో బ్యాటరీ గుర్తు హోల్డర్ ఏదో నేను చెప్తా.