మిస్సింగ్ కేసుల మీద యూనివర్సిటీల్లో చేసే రీసెర్చ్ వల్ల పోలీసులకి నిజంగా ఏమైనా ఉపయోగం ఉందా?

ఉంది. కానీ ఆ రీసెర్చ్ స్టేషన్ మెట్లెక్కదు, అదీ గొడవ. నేను ప్రొఫెసర్నీ కాదు పోలీసునీ కాదు, టైల్స్ షాపు నడుపుకుంటా. మూడేళ్ళ కింద మా నాన్న ఒక పగలంతా కనపడకుండా పోయారు, ఆ తర్వాత రెండు నెలలు నిద్రపట్టక ఈ విషయం మీద దొరికిందల్లా చదివా. నా అర్హత అంతే.

నాన్న కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు, మాది తుని దగ్గర, ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో నా దగ్గరే ఉంటున్నారు. మతిమరుపు అప్పటికే మొదలైంది, డాక్టరు డిమెన్షియా అన్నాడు, మేం మాత్రం "పెద్దాయన కదా" అని సరిపెట్టుకున్నాం. ఆ రోజు పొద్దున్నే ఐదున్నరకి అమ్మ పాలు కాచడానికి లేచేసరికి గేటు తీసి ఉంది, చెప్పులు ఇక్కడే ఉన్నాయి, నాన్న లేరు. రాత్రి పడుకునే ముందు "తుని ఎల్లాలి, లైను పని ఉంది" అన్నారని అమ్మ ఒక మాటంది, అంతే, ఆ ఒక్క మాట పట్టుకుని మేం రోజంతా పాడుచేసుకున్నాం. మా బావ సికింద్రాబాద్ స్టేషన్‌కి, తమ్ముడు ఎల్బీనగర్‌కి, షాపు కుర్రాళ్ళిద్దరు ఇమ్లీబన్ బస్టాండ్‌కి, ఇలా తలో దిక్కు పరిగెత్తాం. చెప్పుల్లేకుండా జేబులో రూపాయి లేకుండా ఆయన అంత దూరం ఎలా పోతారని ఒక్కడికీ తట్టలేదు.

నేను స్టేషన్‌కి వెళ్ళా. ఎస్ఐ గారు బందోబస్తుకి పోయారు (ఎప్పుడు వెళ్ళినా ఎవరో ఒకరు బందోబస్తులోనే ఉంటారు, మంత్రి గారు రిబ్బన్ కత్తిరించాలంటే నలభై మంది కావాలి, ముసలాయన్ని వెతకాలంటే ఒక్కడుండడు). రైటర్ (స్టేషన్లో రాతకోతలు చూసే కానిస్టేబుల్) మొదట అడిగింది "ఇంట్ల ఏమన్న లొల్లైందా? కోడలు ఏమన్న అన్నదా?" అని. లేదు సార్, మతిమరుపు అంటే "పాస్‌పోర్ట్ ఫోటో తెచ్చిర్రా, ఆధార్ జిరాక్స్ ఉన్నదా" అన్నాడు. తర్వాత "సాయంత్రం దాకా చూడుండ్రి సార్, పెద్దమనిషి, ఆకలైతే ఆయనే వస్తడు" అన్నాడు. మా కాలనీ ముందున్న రోడ్డుకి అవతలి పక్క ఇంకో స్టేషన్ కిందకొస్తుందట, అటు పోయుంటే అక్కడ కంప్లైంట్ ఇవ్వాలంట. ఆయన ఎటు పోయారో తెలిస్తే నేనెందుకొస్తా నీ దగ్గరకి?

ఆ కానిస్టేబుల్ చెడ్డవాడని అనను. మధ్యాహ్నం ఆయనే బండేసుకుని మా ఇంటిదాకా వచ్చాడు, వీధి మొగలో ఉన్న కెమెరా చూద్దామన్నాడు. "మీరు సీసీటీవీ నిఘాలో ఉన్నారు" అని ఇంత బోర్డు ఉంది, కెమెరా మాత్రం వర్షాకాలం నుంచి పనిచెయ్యట్లేదంట. మేం ఆ రోడ్డు మీదే రెండుసార్లు "నాన్నా, నాన్నా" అని అరుచుకుంటూ తిరిగాం.

సాయంత్రం నాలుగున్నరకి మేకలు కాసుకునే ఒకావిడ వచ్చి చెప్పింది. ఇంటికి కిలోమీటరు కూడా లేదు. వీధి చివర తారురోడ్డు అయిపోయాక ఒక వెంచర్ వాళ్ళ కాంపౌండ్ గోడ ఉంది, దాని పక్కన సర్కారుతుమ్మ పొదలు, ఆ పొదల్లోకి నేరుగా నడిచెళ్ళి లుంగీ ముళ్ళకి పట్టుకుంటే ముందుకీ వెనక్కీ పోలేక గోడకానుకుని కూర్చుండిపోయారు. కాళ్ళనిండా రక్తం, పెదాలు ఎండిపోయున్నాయి. ఎండాకాలం అయ్యుంటే ఈ జవాబు రాయడానికి నాకు మనసొచ్చేది కాదు. రాత్రి అన్నం తినిపిస్తూ అడిగా, మేం పిలిస్తే వినపడలేదా నాన్నా అని. "వినపడింది, ఎవరో ఎవర్నో పిలుస్తున్నారనుకున్నా" అన్నారు.

ఇప్పుడు రీసెర్చ్ సంగతికి వస్తా. అమెరికాలో రాబర్ట్ కోస్టర్ అని ఒకాయన ఉన్నాడు, తప్పిపోయినవాళ్ళని వెతికిన కేసులు వేలకొద్దీ పోగేసి ఎలాంటి మనిషి ఎటు పోతాడో లెక్కలు కట్టాడు. డిమెన్షియా ఉన్నవాళ్ళ గురించి ఆయన చెప్పేది చదువుతుంటే నాకు చెమటలు పట్టాయి. వాళ్ళు ఎక్కడో ఇరుక్కుపోయేదాకా నేరుగా నడుస్తూనే ఉంటారు, పొదల్లోనో కాలవల్లోనో ఆగిపోతారు, చివరిసారి కనపడ్డ చోటుకి దగ్గర్లోనే దొరకడం ఎక్కువ, సాయం కోసం అరవరు, పిలిస్తే పలకరు. అచ్చం మా నాన్నే! ఇది 2008 నాటికే అచ్చులో ఉన్న సంగతి. ఆ రైటర్ టేబుల్ అద్దం కింద దేవుడి ఫోటో పక్కన ఈ నాలుగు ముక్కలు రాసి పెట్టుంటే మేం సికింద్రాబాద్ పోయేవాళ్ళం కాదు, తొమ్మిదింటికల్లా తుమ్మపొదల దగ్గరుండేవాళ్ళం.

ఇంగ్లండ్‌లో ఇంకొకటుంది, హెర్బర్ట్ ప్రోటోకాల్ అంటారు. జార్జ్ హెర్బర్ట్ అని రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీలో దిగిన సైనికుడు, ముసలితనంలో డిమెన్షియా వచ్చి, చిన్నప్పటి ఇల్లు వెతుక్కుంటూ పోయి దారిలోనే చనిపోయాడు. ఆయన పేరు మీద ఒక ఫారం పెట్టారు. మనిషి ఇంకా ఇంట్లో ఉండగానే ఫోటో, మందులు, పాత ఇళ్ళు, పాత ఉద్యోగం, అలవాటుగా పోయే చోట్లు అన్నీ రాసి పెట్టుకుంటారు, తప్పిపోయిన రోజున పోలీసుల చేతిలో పెడతారు. దీనికి యాప్ అక్కర్లేదు, ఏఐ అక్కర్లేదు, ఒక తెల్లకాగితం చాలు. మనవాళ్ళకి మాత్రం యాప్ లేకపోతే తోచదు. తెలంగాణ పోలీసులు 2018లో దర్పణ్ అని మొహాలు పోల్చే టూల్ తెచ్చారు, మంచిదే, 2015లో అలహాబాద్ వైపు తప్పిపోయిన పిల్లాడు ఐదేళ్ళ తర్వాత అస్సాంలో ఒక హోమ్‌లో ఉన్నాడని దాంతోనే తెలిసింది, దానికి దండం పెడతా. కానీ మా నాన్న హోమ్‌లో లేరు కదా, తుమ్మపొదలో ఉన్నారు.

ఇక 24 గంటలు ఆగాలనే మాట. ఏ చట్టంలోనూ లేదు, అది సినిమాల్లోంచి వచ్చిందని నా గట్టి నమ్మకం. చిన్నపిల్లల విషయంలో అయితే 2013 మేలో సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా చెప్పింది, పిల్లలు కనపడట్లేదని వస్తే వెంటనే ఎఫ్ఐఆర్ కట్టాలి, ఎత్తుకెళ్ళారనో అమ్మేశారనో అనుకునే దర్యాప్తు మొదలుపెట్టాలి అని. అంతకుముందు 2006 డిసెంబర్లో నోయిడా పక్కన నిఠారీలో కాలవలోంచి పిల్లల ఎముకలు బయటపడ్డప్పుడు, అక్కడి తల్లిదండ్రులు అప్పటికే చాలా కాలంగా స్టేషన్ చుట్టూ తిరుగుతున్నారు. పేదవాళ్ళు, వలసొచ్చినవాళ్ళు, ఎవరు పట్టించుకుంటారు. పెద్దవాళ్ళు తప్పిపోతే మన రెండు రాష్ట్రాల్లో "మ్యాన్ మిస్సింగ్", "ఉమన్ మిస్సింగ్" అనే హెడ్డింగ్ కింద ఎఫ్ఐఆర్ కడతారు, కాబట్టి ఎవరైనా రేపు రమ్మంటే ఆ మాట అడగండి, కదలకుండా కూర్చోండి. పెళ్ళీడు ఆడపిల్ల అయితే మొదటి ప్రశ్న "ఎవరితోనన్న పోయిందేమో", మగవాడైతే "అప్పులున్నాయా". పోయినవాళ్ళదే తప్పన్నట్టు!

నాకు అన్నిటికంటే ఒళ్ళు మండేది ఇంకోటి. నాన్న దొరికాక కానిస్టేబుల్ మా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు, కేసు క్లోజ్. ఎక్కడ దొరికారు, ఎటునుంచి నడిచారు, ఎందుకు ఆగిపోయారు, ఒక్క ముక్క ఎక్కడా రాసుకోలేదు. స్కాట్లాండ్‌లో గ్లాస్గో, డండీ యూనివర్సిటీల వాళ్ళు ఇళ్ళొదిలి పోయి తిరిగొచ్చిన 45 మందిని కూర్చోబెట్టి దారి పొడుగునా ఏం చేశారో, ఎక్కడ పడుకున్నారో, పోలీసులు ఎలా మాట్లాడారో అడిగారు, దాన్ని అక్కడి పోలీసుల ట్రైనింగ్‌కి ఇచ్చారు. మన దగ్గర ఏడాదికి ఎంతమంది పోయారు, ఎంతమంది దొరికారు అని ఎన్‌సీఆర్‌బీ (దేశంలో నేరాల లెక్కలు కట్టే కేంద్ర సంస్థ) పట్టికలొస్తాయి, పేపర్లో ఒకరోజు హెడ్డింగ్ వస్తుంది, అయిపోయింది. దొరికినవాడిని ఎవరూ ఏమీ అడగరు, ఇంట్లోవాళ్ళతో సహా. మా చుట్టాలు అడిగింది కూడా "సరిగ్గా చూసుకోవట్లేదా ఏంటి మీరు" అనే.

చెప్పడం మర్చిపోయా, ఆ మధ్యాహ్నం మా బావ సికింద్రాబాద్ నుంచి వస్తూ అంజనం వేసే ఆయన దగ్గరికి కూడా వెళ్ళొచ్చాడు, పదిహేను వందలు తీసుకున్నాడు. "ఈశాన్యంలో, నీళ్ళ దగ్గర ఉన్నాడు, ప్రాణానికి భయం లేదు" అన్నాడట. ఆ వెంచర్ గోడ మా ఇంటికి పడమర. కానీ గోడ అవతల ఒక సిమెంటు నీళ్ళ తొట్టి ఉంది, దాన్ని పట్టుకుని మా బావ ఇప్పటికీ ఒప్పుకోడు. నేను కోస్టర్ లెక్కలు చెప్పిన ప్రతిసారీ ఆ తొట్టి ఫోటో ఫోన్‌లోంచి తీసి చూపిస్తాడు.