రోజూ పోయే షేరింగ్ వ్యాన్ కండిషన్‌ల ఉన్నదో లేదో మాలాంటోళ్లు ఎట్ల కనిపెట్టాలె?

అడిగినాయన హన్మకొండ నుంచి ములుగుకు నెలవారీ వ్యాన్‌ల పోయే ఉద్యోగి. పదిమంది కలిసి పోతరట, ఒక్కరికీ మెకానిక్ పని తెల్వదట. నేను అదే రోడ్డు మీద తూఫాన్ బండి నడుపుతా. కాబట్టి నా జవాబు కొంచెం డ్రైవర్ దిక్కు మొగ్గుతది, ముందే చెప్తున్న.

మెకానిక్ పని రాకున్నా ముక్కు ఉంటది కదా సార్. సగం పని దానితోనే అయితది.

వరికోతలు అయిపోయిన రోజులు. మా దోస్తు ఇంట్ల పెండ్లి ఉంటే వాని బండి నేను తోలుతున్న. అండ్ల అందరు టీచర్లే. జాకారం దగ్గరికి రాంగనే వెనక సీట్ల కూసున్న మేడం "అన్నా, ఏదో కాలిన వాసన వస్తాంది" అన్నది. పక్కన సార్ "పొలాలల్ల కొయ్యకాళ్లు తగలవెడుతున్నరు మేడం" అని కొట్టిపారేసిండు. పొగ నిజంగనే ఉన్నది. కానీ గడ్డి కాలిన వాసన వేరు, బ్రేక్ లైనర్ (చక్రాన్ని ఒరుసుకొని ఆపే పట్టీ) కాలిన వాసన వేరు. లైనర్‌ది ఘాటుగ ముక్కుల గుచ్చుతది, పొలాలు దాటినా మనతోనే వస్తది. యాక్సిలరేటర్ మీది కాలు తీసి చూసిన. అంత దూరం జారాల్సిన బండి తొందరగ స్పీడ్ పడిపోతాంది. ఇగ అనుమానం లేదు.

గట్టమ్మ గుడికాడ ఆపిన. తెల్వనోళ్లకు చెప్తున్న, మేడారం పోయేటోళ్లు ముందు గట్టమ్మకు మొక్కి పోతరు. మా డ్రైవర్లు జాతర ఉన్నా లేకున్నా ఆగి దండం పెట్టుకుంటరు. కొబ్బరికాయ కొట్టుడు దాకా మంచిగనే ఉంటది, కానీ అదే ఐదు నిమిషాలల్ల నాలుగు చక్రాల దగ్గరికి ఒక్కసారి పోయి చూసేటోడు నాకు కనవడలే. నేను పోయి అరచెయ్యి వెనక దిక్కు తిప్పి, రిమ్ముకు తాకకుండ దగ్గర పెట్టి చూసిన. ముందు రెండు గోరువెచ్చగ ఉన్నయ్. వెనక కుడిది కొంచెం వేడి. వెనక ఎడమదానికి జానెడు దూరం ఉండంగనే కాక తగిలింది, పొయ్యి మీది పెనం లెక్క. గ్రీసు కరిగి రిమ్ము మీద నల్లగ కారింది.

ఇంకో సార్ వాటర్ బాటిల్ మూత తీసుకుంట వచ్చిండు, పోస్తే చల్లగైతదని. చెయ్యి పట్టుకొని ఆపిన. చక్రంతోటి తిరిగే బ్రేక్ డ్రమ్ము పోత ఇనుముది, అంత కాక మీద చల్లటి నీళ్లు పడితే పగులుతది. దాన్నట్లనే వదిలేయాలె, చల్లారినంక ముట్టుకోవాలె. వెంటనే మొదలైంది లొల్లి. "ప్రార్థన అయిపోతది, ములుగు ఇగ వచ్చినట్టే కదా, మెల్లగ పోదాం" అని ఒకరు, "రోజూ మంచిగనే వస్తది కదా, నీ చేతికి రాంగనే ఖరాబైందా" అని ఒకరు. నేను కదలలే. వెనక వచ్చిన ఆర్టీసీ బస్సు ఎక్కించి పంపిచ్చిన.

ములుగు నుంచి మెకానిక్ వచ్చి డ్రమ్ము విప్పితే వీల్ సిలిండర్‌ల పిస్టన్ (బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి లైనర్‌ను డ్రమ్ము మీదికి నెట్టేది) తుప్పు పట్టి బిగుసుకపోయి ఉన్నది. పెడల్ మీది కాలు తీసినా లైనర్ డ్రమ్మును వదుల్తలేదు, పొడుగునా రాసుకుంటనే వచ్చింది. ఆ తుప్పు ఎక్కడిదంటే బ్రేక్ ఆయిల్‌ది. అది గాలిలున్న తేమను గుంజుకుంటది, అందుకే రెండేండ్లకోసారి పాతది మొత్తం తీసి కొత్తది పోయాలె. మావోళ్లు డబ్బాల తగ్గితే పైన ఇంత పోస్తరు, అంతే. తేమ పట్టిన ఆయిల్ తొందరగ మరుగుతది. మరిగి ఆవిరి బుడగలు కడితే పెడల్ కిందిదాకా పోతది, బ్రేక్ మాత్రం పడదు. బ్రేక్ ఫెయిల్ అని పేపర్ల చదువుతం కదా, అండ్ల ఇసొంటివి ఎన్నో.

మా దోస్తును అడిగితే ఏమన్నడో చెప్తా, అసలు ముచ్చట అదే. "వాళ్లిచ్చే పైసలల్ల డీజిల్, కిస్తీ పోను ఏం మిగుల్తదిరా, ఈ నెల కాకపోతే వచ్చే నెల మారుద్దామనుకున్న." మీరు జూన్ నెలల బండి మాట్లాడుకునేటప్పుడు తలా 200 తగ్గించమని గంటసేపు బేరం చేస్తరు. డీజిల్ బంకుల బేరం ఉండదు, కిస్తీ ఒక్క రోజు ఆగదు. మీరు తగ్గించిన పైసలు టైర్లల్ల, లైనర్లల్ల తగ్గుతయ్. నా లెక్క ప్రకారం బండి కండిషన్ సగం ఆ బేరం రోజే తేలిపోతది. మిగిలింది మేం చూసుకుంటం.

అడ్డా మీద నడిచే బండ్ల సంగతి ఇంకా అధ్వానం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఫ్రీ అయింది. నేను తప్పు పడుతలేను, మా ఇంటామె కూడా అండ్లనే పోతది. కానీ సీట్లు నిండక గంటలు గంటలు నిలబడే బండి, నిండినంక పోయిన టైమంతా రోడ్డు మీద వసూలు చేసుకుంటది. అడ్డాల నెక్స్ట్ సీరియల్ (వంతు) అందుకోవాలె కదా.

ఇగ టైర్లు. పక్కన అచ్చు గుద్దిన నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019ల 23వ వారం తయారైనట్టు. గాడుల మధ్యల చిన్న చిన్న దిమ్మెలు ఉంటయ్, టైరు అరిగి వాటికి సమానమైందంటే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు, వానల దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఎండకాలం వస్తే గాలి తగ్గించాలె, లేకుంటే పేలుతదని మా అడ్డా మీద పెద్ద పెద్ద సీనియర్లే చెప్తరు. ఉల్టా ముచ్చట అది. గాలి తక్కువుంటే టైరు పక్కలు మడతపడి మడతపడి వేడెక్కుతయ్, పేలేది అప్పుడు. కంపెనీ చెప్పినంత గాలి, పొద్దుగాల టైరు చల్లగున్నప్పుడు కొట్టియ్యాలె. పంక్చర్ వేయించినంక కొంత దూరం పోయి నట్లు మళ్లోసారి బిగించమనండి. పంక్చర్ షాపాయనకు ఎప్పుడూ తొందరే.

స్పీడ్ గురించి ఒక్క లెక్క. ములుగుకు అటూ ఇటుగ 50 కిలోమీటర్లు అనుకోండి. 60ల కాకుండ 80ల పోతే మిగిలేది 12 నిమిషాలు, అది కూడా రోడ్డు ఖాళీగుంటేనే. బ్రేక్ కొట్టినంక బండి ఆగే దూరం మాత్రం దాదాపు రెట్టింపైతది. నిండా మనుషులున్న బండి సంగతి వేరే చెప్పాల్నా?

అండ్ల మన రోడ్ల మీద వడ్లు. రైతుకు కల్లం లేదు, ఎక్కడ ఆరవోస్తడు పాపం, అది సమజైతది. కానీ వడ్లు ఎత్తుకపోయినంక చుట్టూ పెట్టిన బండరాళ్లు ఎవరు తీయాలె? రాత్రి ఎదురుంగ ఎల్‌ఈడీ లైట్లోడు కండ్లల్ల కొడితే ఆ రాళ్లు ఎవనికి కనవడతయ్? ప్రతి యాసంగికి ఇదే తిట్టుకుంట, ఎవరికి చెప్పాల్నో తెల్వదు.

కాగితాలు మీరే చూసుకోవచ్చు, డ్రైవర్‌ను అడిగి మొహం మాడ్పించుకునే పని లేదు. ఎంపరివాహన్ యాప్‌ల బండి నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నయో వస్తది. ఎనిమిదేండ్ల లోపు బండికి రెండేండ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఫిట్‌నెస్ చేయించాలె. ఎక్కువ మందిని ఎక్కిస్తే ఒక్కొక్క మనిషికి 200 జరిమానా. అన్నిటికంటె ముందు ప్లేటు రంగు చూడండి. కిరాయికి తిరిగే బండికి పసుపు ప్లేటుండాలె. సొంతానికని రిజిస్టర్ చేసిన తెల్ల ప్లేటు బండిని కిరాయికి తిప్పితే, రేపు జరగరానిది జరిగిన రోజు బీమా కంపెనీ ఆ సాకు మీదనే పేచీ పెడతది, మీ ఇంటోళ్లు కోర్టు చుట్టూ తిరగాలె. కిరాయి తక్కువని ఉద్యోగులు ఇష్టపడి మాట్లాడుకునేవి ఇసొంటి బండ్లే. మీది ఏ ప్లేటో ప్రశ్నల రాయలేదు సార్, ముందు అది చెప్పండి.